పదిహేడో నంబరు గ్రంథి

ఆ వైద్య కళాశాల రెండో అంతస్తు చివరి గదిలో పనిచేసే ఆవిడకి అసలు పేరొకటి ఉండేది గాని, అది హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. పిల్లలంతా మైనపక్క అనేవారు. మైనం అక్క అన్నది నోళ్ళలో నలిగి నలిగి అలా తయారైంది. శరీరం నుంచి తీసిన ముక్కల్ని మైనంలో పోతపోసి, ఆ దిమ్మని కోతయంత్రానికి బిగించి, ఉల్లిపొరకంటే పలచటి రేకులుగా కోసి, గాజుపలకల మీద పరిచి రంగులు పట్టించడం ఆవిడ పని. ఇరవైరెండేళ్ళుగా అదే పని. ఏ ముక్క కత్తి కింద ఎలా ప్రవర్తిస్తుందో ఆవిడ వేళ్ళకి తెలుసు. చర్మం మొండిది, కత్తిని విసిగిస్తుంది. థైరాయిడ్ పెళుసు, తొందరపడితే పగుళ్ళిస్తుంది. లాలాజల గ్రంథులు మాత్రం నోరెత్తకుండా కోయించుకుంటాయి.

ఆ విభాగానికి పెద్ద ప్రొఫెసర్‌గారు. పొట్టిగా, శుభ్రంగా, చొక్కా ఇస్త్రీ నలగకుండా ఉండే మనిషి. గ్రంథులంటే ఆయనకి ప్రాణం. ఆయన చెమట గ్రంథి మీద పాఠం చెబుతుంటే వినేవాళ్ళకి తమ చంకల మీద తమకే గౌరవం పుట్టేది. కన్నీటి గ్రంథి పాఠం రోజున ఆయన కళ్ళు నిజంగానే చెమర్చేవి. అంత మంచి మనిషికీ ఒక జబ్బు ఉంది. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే, రెండు మాటలు విని, కుడిచేతి చూపుడువేలితో గాలిలో ఒక చుక్క పెట్టి, "ఫుల్‌స్టాప్" అనేవారు. ఆ తరవాత ఇక ఆ విషయం మీద ఎవరూ నోరు మెదపడానికి లేదు. వెనకాల పిల్లలు ఆయన్ని ఫుల్‌స్టాప్ సార్ అంటారని ఆయనకి తెలియదని అందరూ అనుకునేవారు.

ఆయనకి అన్ని స్లైడుల్లోకీ పదిహేడో నంబరు మీద మక్కువ. దాని మీద ఆయన చేతిరాతతో పెరోటిడ్ అని ఉంటుంది. అంటే చెవి ముందు, దవడ మూలన ఉండి లాలాజలం ఊరించే గ్రంథి. "ఇంత స్వచ్ఛమైన పెరోటిడ్ ఇంకో కాలేజీలో చూపించండి" అని సవాలు చేసేవారు.

చిక్కేమిటంటే అది పెరోటిడ్ కాదు. క్లోమం.

ఆ సంగతి భూమ్మీద రూఢిగా మైనపక్క ఒక్కదానికే తెలుసు, ఎందుకంటే కోసింది ఆవిడే. కడుపు వెనక అడ్డంగా పడుకుని ఉండే క్లోమం తిండిని అరిగించే రసాన్ని ఊరిస్తుంది. మనిషిలో చూస్తే ఈ రెండు గ్రంథులకీ మూరెడు పైగా దూరం. సూక్ష్మదర్శిని కింద మాత్రం రెండూ కవలపిల్లలే. ద్రాక్షగుత్తుల్లా గుంపులు కట్టిన ఊదారంగు కణాలు, గుత్తిగుత్తికీ మధ్యలో సన్నటి నాళాలు. పెద్ద తేడా ఒక్కటే. క్లోమంలో గుత్తుల నడుమ అక్కడక్కడా పాలిపోయిన గుండ్రటి దీవులుంటాయి, ఇన్సులిన్ పుట్టేది వాటిలోనే. దీవి కనిపిస్తే క్లోమమని పసివాడైనా చెబుతాడు. కాని కత్తి దీవులు లేని చోట పడిందనుకోండి, ఎంతటి పండితుడైనా పప్పులో కాలేసే వీలుంది. పదిహేడో నంబరులో కత్తి సరిగ్గా అలాంటి చోటే పడింది.

పదకొండేళ్ళ కిందట కింది అంతస్తులో గొట్టం పగిలి, విభాగమంతా నీటిపాలై, పైకి మారవలసి వచ్చింది. స్లైడుల మీది చీటీలు ఊడిపోయాయి, దిమ్మల పుస్తకం ముద్దయిపోయింది. ప్రొఫెసర్‌గారు రెండు రోజులు కూర్చుని రెండువందల నలభై స్లైడుల్ని కేవలం కంటిచూపుతో గుర్తుపట్టి కొత్త చీటీలు రాశారు. రెండువందల ముప్ఫైతొమ్మిది సరిగ్గానే రాశారు. మామూలు మనిషికి అయ్యే పని కాదది. పదిహేడు దగ్గర మైనపక్క మెల్లగా, "సార్, అది క్లోమం దిమ్మలోది" అంది.

"మీరు మైనం సంగతి చూడండి. కణాల సంగతి నేను చూస్తాను. ఫుల్‌స్టాప్" అన్నారాయన.

ఆయన అది కోపంగా అనలేదు, చిరునవ్వుతోనే అన్నారు. అందుకే ఆవిడకి మరీ లోతుగా దిగింది. ఆ రోజునుంచీ ఆవిడ మైనం సంగతి మాత్రమే చూసింది. క్లోమం దిమ్మని మాత్రం ఒక పాత పెన్సిళ్ళ పెట్టెలో దూదిమధ్య పెట్టి బీరువా మూలకి నెట్టింది.

* * *

ఆ ఏడాది రెండో సంవత్సరం పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. ప్రతి పాఠంలోనూ చెయ్యెత్తుతుంది కాబట్టి తోటివాళ్ళు సందేహం అని పిలిచేవారు. బక్కపలచటి పిల్ల, కళ్ళు మాత్రం ఎక్కడ పడితే అక్కడే అతుక్కుపోతాయి. చిన్న పరీక్షలో పదిహేడో నంబరు ఎదురుగా ఈ పిల్ల క్లోమం అని రాసింది. ప్రొఫెసర్‌గారు సున్నా వేసి, పక్కన ఎర్ర సిరాతో "చూసి రాయి" అని రాశారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల పేపరు పట్టుకుని మైనపక్క గదికి వచ్చింది. ఏడవడం లేదు గాని ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"అక్కా, నేను చూసే రాశాను. నలభై నిమిషాలు చూశాను. పెరోటిడ్‌లో గీతలున్న నాళాలు బోలెడు కనపడాలి. ఒక్కటీ లేదు. ఒక్కో గుత్తి నడిబొడ్డున లేత రంగు కణాలున్నాయి, అవి క్లోమంలో తప్ప ఉండవు. ఇదంతా సార్‌కి చెప్పబోయాను."

"ఏమన్నారు?"

పిల్ల మాట్లాడకుండా వేలితో గాలిలో చుక్క పెట్టింది.

మైనపక్క నీళ్ళగిన్నెలో తేలుతున్న రేకుని గాజుపలక మీదికి ఎక్కించి, తడి చేతులు తుడుచుకుంది.

"మీరు చెప్పండక్కా. అసలు పదిహేడు ఏంటి?"

"నేను మైనం సంగతి చూస్తానమ్మా" అంది మైనపక్క. అన్నాక ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. పిల్ల ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ కళ్ళు ఇక్కడా అతుక్కున్నాయి. తరవాత పేపరు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మైనపక్క ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వంటగది కిటికీ దగ్గర కూర్చుని పత్రిక చదువుతోంది. మొగుడు రైల్లో గార్డు, వారంలో నాలుగు రోజులు ఇంట ఉండడు. అందువల్ల అత్తాకోడళ్ళే ఒకరికొకరు కాలక్షేపం. అత్తగారికి డెబ్బైమూడేళ్ళు, చక్కెర జబ్బు. రోజుకి రెండుసార్లు తనే పొట్టలో సూది గుచ్చుకుంటుంది, రోజుకి నాలుగుసార్లు తనే బిస్కట్లు దొంగిలిస్తుంది.

మైనపక్క కుట్టుమిషను సొరుగు లాగి, లోపలున్న డబ్బా తీసి ఊపింది. "మళ్ళీ తిన్నారా అత్తయ్యా?"

"రెండే."

"ఆరు తగ్గాయి."

"మిగతా నాలుగూ చీమలు తినుంటాయి. వాటికి సూదులు లేవుగా, నిక్షేపంగా తింటాయి." పత్రిక పక్కన పెట్టింది. "నీ ముఖమేంటే అలా ఉంది? ఎవరితో పేచీ పడ్డావు?"

"పడలేదు. అదే గొడవ."

టీ కాస్తూ జరిగిందంతా చెప్పింది మైనపక్క. దీవుల సంగతి వచ్చేసరికి అత్తగారు నిటారుగా కూర్చుంది.

"నాలో ఎండిపోయాయంటారే, ఆ దీవులేనా?"

"ఆ దీవులే."

"అవి కనపడితే ఆయన ఒప్పుకుంటాడా?"

"కనపడితే ఒప్పుకోక ఏం చేస్తారు? ఆ కోతలో లేవు అత్తయ్యా."

"ఆ కోతలో లేకపోతే దాని కింద కోతలో ఉంటాయి. బ్రెడ్డులో ఎండుద్రాక్ష మొదటి ముక్కలో తగలకపోతే నాలుగో ముక్కలో తగలదూ? ఆ దిమ్మేదో పారేశావా?"

"లేదు. దాచాను."

"పదకొండేళ్ళపాటా?" అత్తగారు టీ గ్లాసు మీదుగా కోడల్ని చూసింది. "ఎవరికోసం దాచావమ్మా మరి?"

ఆ ప్రశ్న తను ఒక్కసారైనా వేసుకోలేదని మైనపక్కకి అప్పుడే తెలిసింది.

"ఒక పని చెయ్యి" అంది అత్తగారు గొంతు తగ్గించి, ఇంట్లో మూడోమనిషి లేకపోయినా. "ఒక్కసారే తీసుకెళ్ళి ముఖం మీద పెట్టావనుకో, స్లైడు మార్చావంటాడు, ఆ చుక్కేదో పెట్టేస్తాడు. రోజుకి కాస్త చూపించు. మీ మామగారు కళ్ళజోడు పెట్టుకోనని ఏడాది భీష్మించుకు కూర్చుంటే నేను చేసిందదే. రోజుకో గజం చొప్పున క్యాలెండరు వెనక్కి జరిపాను. పదోరోజు ఆయనే వెళ్ళి కొనుక్కొచ్చుకున్నాడు."

* * *

పెద్ద పరీక్షకి ముందు వారం పునశ్చరణ. పిల్లల్ని ఆరు జట్లు చేసి, సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో జట్టుకి ప్రొఫెసర్‌గారు స్వయంగా స్లైడులన్నీ చూపిస్తారు. దానికి ఇంకా ఎనిమిది రోజులు గడువుంది. మైనపక్క పెన్సిళ్ళ పెట్టె తెరిచింది. దిమ్మ కాస్త పసుపుపచ్చబడింది గాని, పక్కన తను గీసుకున్న గుర్తు అలాగే ఉంది. మంచుముక్క మీద పెట్టి చల్లబరిచి, యంత్రానికి బిగించి, మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ దిగిపోయాక పిడి తిప్పడం మొదలుపెట్టింది.

ఒక్కో రేకు మందం మిల్లీమీటరులో రెండువందలో వంతు. మొదటి రోజు ముప్ఫై కోసింది. ఐదోదానికొకటి రంగు వేసి చూసింది. గుత్తులు తప్ప ఏమీ లేవు. రెండోరోజు అరవైకి చేరింది. గుత్తులే. దిమ్మ తరిగిపోతోంది. ఇరవైరెండేళ్ళలో మొట్టమొదటిసారి ఆవిడకి తన చేతిమీద తనకే అనుమానం వచ్చింది. నేనే పొరబడ్డానేమో, ఆ పసుపు మైనంలో ఉన్నది నిజంగా చెవి ముందు గ్రంథేనేమో. ఆ ఆలోచనకి అరచేతుల్లో చెమట పట్టింది. పిడి జారింది.

మూడోరోజు ఎనభైమూడో రేకులో, ఊదాగుత్తుల నడుమ ఆవగింజంత పాలిపోయిన మరక కనిపించింది. ఎనభైనాలుగులో ఇంకాస్త పెరిగింది. తొంభైఎనిమిదికి వచ్చేసరికి నిండుగా, గుండ్రంగా, పక్కన మరో రెండు పిల్లదీవుల్ని వెంటేసుకుని మధ్యలో తిష్ఠ వేసింది. మైనపక్క గదిలో ఒంటరిగా నిలబడి ముసిముసిగా నవ్వుకుంది. నవ్వు ఆగక కుర్చీలో కూర్చుని మరికాస్త నవ్వుకుంది.

ఇక స్లైడు మార్చడమంటారా, అంతకంటే తేలిక పని లేదు. రోజూ సాయంత్రం స్లైడుల పెట్టెలు శుభ్రం చేయడానికి ఆవిడ గదికే వస్తాయి. పాత పదిహేడుని తీసి సొరుగులో భద్రం చేసింది. దాని మీది చీటీని తడిపి ఊడదీసి కొత్తదానికి అంటించింది. చేతిరాత ఆయనదే. రాసిన మాటా ఆయనదే. ఆవిడ చేసిందల్లా జిగురు పని.

సోమవారం ఎనభయ్యో రేకు పెట్టింది. దీవి లేదు. ప్రొఫెసర్‌గారు మామూలుగానే మురిసిపోయారు.

మంగళవారం ఎనభైనాలుగు. ఆయన కటకం మీద వంగి, ఒక నిమిషం ఎక్కువసేపే చూశారు. మధ్యాహ్నం ఆవిడ గది గుమ్మంలోకి వచ్చి, "పదిహేడు మీద ఒకచోట రంగు దిగినట్టుంది. శుభ్రం చేసేటప్పుడు మరీ తోమకండి" అన్నారు.

"అలాగే సార్" అంది మైనపక్క ఎంతో వినయంగా.

బుధవారం ఎనభైఎనిమిది. అది సందేహం ఉన్న జట్టు. మరక పెసరగింజంత అయింది. ఆ పిల్ల కటకంలోంచి తల ఎత్తి, ప్రొఫెసర్‌గారివైపు చూసింది. చెయ్యి మాత్రం ఎత్తలేదు. "అది గాలిబుడగ" అన్నారాయన, ఎవరూ అడక్కుండానే.

గురువారం తొంభైమూడు. బుడగ శనగగింజంత అయింది. ఆయన గొంతు సవరించుకుని, "పెరోటిడ్‌లో లింఫు కణాల ముద్దలు కూడా ఉంటాయి. పుస్తకంలో ఉంది, చూసుకోండి" అన్నారు. ఉండటం నిజమే. కాని ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపుడువేలు గాల్లోకి లేచి, చుక్క పెట్టకుండానే దిగిపోయింది. మూల నిలబడి స్లైడులు అందిస్తున్న మైనపక్క అది చూసింది.

ఈలోగా హాస్టల్లో గగ్గోలు మొదలైంది. జట్లవాళ్ళు రికార్డు పుస్తకాలు ఒకరివి ఒకరు చూసి బొమ్మలు ఎక్కించుకోబోతే పదిహేడో బొమ్మ ఒక్కరిదీ కలవలేదు. సోమవారంవాళ్ళ బొమ్మలో ఏమీ లేదు. మంగళవారంవాళ్ళ బొమ్మలో పెన్సిలు చుక్క. బుధవారంవాళ్ళ బొమ్మలో ఉంగరం. గురువారంవాళ్ళ బొమ్మలో ఏకంగా బిళ్ళ. గ్రంథి బతికే ఉందనీ, రోజూ పెరుగుతోందనీ ఒకడు తేల్చేశాడు. సార్‌ మనల్ని పరీక్షిస్తున్నారని ఇంకొకడు. శుక్రవారం జట్టువాళ్ళు మాత్రం తెల్లవారకముందే లేచి పదిహేడు కోసం కాచుకు కూర్చున్నారు.

వాళ్ళకి ఆ భాగ్యం దక్కలేదు. శుక్రవారం ఉదయం ప్రొఫెసర్‌గారు అందరికంటే ముందు వచ్చి, పదిహేడుని ఒక్కరే చూసి, చొక్కా జేబులో వేసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ రోజు పదహారు తరవాత పద్దెనిమిదే చూపించారు.

మూడు గంటలకి మైనపక్కకి కబురొచ్చింది.

వెళ్ళింది. నోట్లో తడి ఆరిపోయింది. ఊరవలసిన చోట ఊరక, ఊరకూడని చోట చెమట ఊరుతోంది. ఆయన బల్ల మీద స్లైడు ఉంది. కటకం దీపం వెలుగుతోంది.

"ఇది ఎవరు కోశారు?" అన్నారాయన.

"నేనే సార్."

"నిన్నటిది?"

"నేనే."

"మొన్నటిది?"

"అన్నీ నేనే సార్."

"అంటే వారం రోజులుగా మీరు స్లైడులు మారుస్తున్నారు."

నీళ్ళు నమిలేందుకు కూడా నోట్లో తడి లేదు. ఇంతదూరం వచ్చాక వెనక్కి తగ్గడం ఎందుకనిపించింది. "స్లైడు మారింది సార్. దిమ్మ మారలేదు. పాత పదిహేడు ఏ దిమ్మలోదో ఇవి కూడా దానిలోవే. పదకొండేళ్ళ కిందట చెప్పబోయాను."

బయట నడవాలో బండిచక్రాల చప్పుడు వచ్చి పోయింది. ఆయన చెవులు మెల్లగా ఎర్రబడటం ఆవిడ చూసింది.

"మీరు మైనం సంగతి చూడండి అన్నాను కదూ."

"అవును సార్. మైనం సంగతే చూశాను."

ప్రొఫెసర్‌గారి పెదవి ఒక మూల వణికింది. కోపమో, నవ్వో ఆవిడకి తెలియలేదు. చివరికి ఆయన అడిగింది ఆవిడ కలలో కూడా ఊహించనిది. "మధ్యలో రేకులు పారేశారా?"

"లేదు సార్. అన్నీ వరసలో ఉన్నాయి."

"తీసుకురండి. అన్నీ. ఒకటి నుంచి."

శనివారం పిల్లల్ని తన కింది లెక్చరర్‌కి అప్పగించి, ఆయన మైనపక్క గదిలోనే కూర్చున్నారు. ఆవిడ రేకులకి రంగులు వేసి ఒక్కొక్కటే అందిస్తుంటే, ఒక్కొక్కటే చూస్తూ పోయారు. ఎనభై రెండు దాటి ఎనభై మూడుకి వచ్చేసరికి, "అదిగో" అన్నారు. ఆ గొంతు పాఠం చెప్పే గొంతు కాదు. అక్కడినుంచి తొంభైఎనిమిది దాకా ఊపిరి బిగబట్టి దీవిని పెంచుకుంటూ పోయారు, మళ్ళీ వెనక్కి కరిగించుకుంటూ వచ్చారు. మధ్యాహ్నం భోజనం మాట మరిచిపోయారు. చొక్కా మోచేతికి ఊదారంగు అంటుకుంది, అదీ చూసుకోలేదు. సాయంత్రం లేస్తూ, "సోమవారం పరీక్షకి పాత పదిహేడునే పెట్టండి. దీవి లేనిది. ఈ వారం మీరు మార్చిన ఐదింటినీ నా జేబులో పెట్టండి" అన్నారు.

"పాతదెందుకు సార్?"

"బయటినుంచి పరీక్షకుడొస్తున్నాడు" అన్నారు ప్రొఫెసర్‌గారు. ఆ కళ్ళలో తళుక్కుమన్నదేదో చూసి మైనపక్కకి అత్తగారూ, బిస్కట్ల సొరుగూ గుర్తొచ్చాయి.

* * *

పరీక్షకుడు వేరే కాలేజీలో ప్రొఫెసరు, ఆరడుగుల మనిషి. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. ఆ రోజుల్లో ఒకే ఒక్క మార్కు తేడాతో ఆయనకి మొదటి స్థానం, మన ప్రొఫెసర్‌గారికి రెండోది వచ్చాయి. ముప్ఫైయేళ్ళు గడిచినా ఆ మార్కు ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకు కూర్చునే ఉంది.

సోమవారం పిల్లలు లోపలికి రాకముందే పరీక్షకుడు వరసగా కటకాలన్నీ చూసుకుంటూ వచ్చారు. పదిహేడు దగ్గర ఆగి, "పెరోటిడ్. బ్రహ్మాండంగా ఉందయ్యా. ఎవరు కోశారు?" అన్నారు.

"మా మైనపక్క" అన్నారు ప్రొఫెసర్‌గారు. ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదటిసారి. మూలనున్న మైనపక్క చేతిలో గాజుపలక జారబోయి కొద్దిలో తప్పింది.

"పెరోటిడే అంటావా?" అని ప్రొఫెసర్‌గారే మళ్ళీ అడిగారు.

"నన్ను అడుగుతున్నావా?" పరీక్షకుడు పెద్దగా నవ్వారు. "నిద్రలో లేపి చూపించినా చెబుతాను."

"అయితే రాసుకో" అన్నారు ప్రొఫెసర్‌గారు. పరీక్షకుడు తన పట్టీలో పదిహేడు ఎదురుగా పెరోటిడ్ అని రాసుకున్నారు.

పిల్లలు వచ్చి రాసి వెళ్ళారు. తరవాత ఒక్కొక్కరినీ నోటి పరీక్షకి పిలిచారు. సందేహం వంతు వచ్చింది. పరీక్షకుడు పేపరు చూసి కళ్ళజోడు సవరించుకున్నారు.

"పదిహేడు క్లోమం అని రాశావేంటమ్మా? దీవి ఎక్కడుంది?"

"ఈ కోతలో తగల్లేదు సార్."

"తగల్లేదని నువ్వెలా చెబుతావు? అసలు లేదేమో."

"గీతల నాళాలు ఒక్కటీ లేవు సార్. ఒక్కో గుత్తి నడిబొడ్డున లేత కణాలున్నాయి. మీరు ఇంకోసారి చూస్తారా?"

పరీక్షకుడు జాలిగా నవ్వి, కలం ఎత్తారు.

"కలం కాస్త ఆపవయ్యా" అన్నారు ప్రొఫెసర్‌గారు. జేబులోంచి ఐదు స్లైడులు తీసి, బల్ల మీద పేకముక్కల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. "ఇవి అదే దిమ్మలో, దాని కింద కోతలు. వరసగా చూడు."

పరీక్షకుడు మొదటిది చూశారు. రెండోది చూశారు. మూడోది చూసేటప్పుడు ఆరడుగుల మనిషి ఐదున్నర అయ్యారు. ఐదోది పెట్టాక తల ఎత్తకుండా అలాగే ఉండిపోయారు. చివరికి పక్కకి తిరక్కుండానే, "ఎంతసేపట్నుంచి నన్ను ఇలా ఆడిస్తున్నావు?" అన్నారు.

"పొద్దుటినుంచి. నువ్వు ఒక్కపూట పొరబడ్డావు. నేను పదకొండేళ్ళు పొరబడ్డాను" అన్నారు ప్రొఫెసర్‌గారు. ఆ మాట ఆయన నిమ్మళంగా, దాదాపు హాయిగా అన్నారు. తోడు దొరికాక తప్పు ఒప్పుకోవడం ఇంత తేలికా అని మైనపక్క ఆశ్చర్యపోయింది. "ఈవిడ మొదటిరోజే చెప్పింది. ఈ అమ్మాయి మొన్న చెప్పింది. ఇద్దరి మాటా నేను వినలేదు. చిన్న పరీక్షలో సున్నా నాదమ్మా, నీది కాదు. దిద్దుతాను."

సందేహం నోరు తెరిచి, మూసి, "సార్, ఒక చిన్న ప్రశ్న" అంది.

"ఇప్పుడు వద్దు" అన్నారు ఇద్దరు ప్రొఫెసర్లూ ఒక్కసారే.

మధ్యాహ్నం పేపర్లు దిద్దుతుంటే తేలిందేమిటంటే, సగంమంది క్లోమమనీ, సగంమంది సార్‌కి భయపడి పెరోటిడ్ అనీ రాశారు. ఒక పిల్లవాడు మాత్రం ఏ గొడవా లేకుండా, "సోమవారం పెరోటిడ్, గురువారం క్లోమం" అని రాశాడు. పరీక్షకుడు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఆ ఒక్క ప్రశ్నకి అందరికీ మార్కు వేయించారు.

ఇంటికి వెళ్ళి ఇదంతా చెబితే అత్తగారు ఎంతో తృప్తిగా విని, "అంటే ఆ దీవులు నిండా పచ్చగా ఉన్నాయన్నమాట" అంది. ఉన్నాయంది మైనపక్క. "ఎవరో అదృష్టవంతులు. ఎన్ని బిస్కట్లు తిన్నారో" అంది అత్తగారు. ఆ పూట డబ్బాలోంచి ఒకటి కోడలే తీసి చేతిలో పెట్టింది.

వారం పోయాక ప్రొఫెసర్‌గారు మైనపక్క గదికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఈ పదకొండేళ్ళలో పదిహేడు క్లోమమని తనతో వాదించి సున్నా తెచ్చుకున్నవాళ్ళు సందేహం కాక నలుగురున్నారట. వాదించినవాళ్ళని ఆయన మరిచిపోలేదు. నలుగురికీ ఉత్తరాలు రాశానన్నారు: మీరు రాసింది సరైన జవాబు, నేను వేసింది తప్పు మార్కు, మన్నించగలరు. చిరునామాలు ఆఫీసులో వెతికి పెట్టమన్నారు.

ముగ్గురు ఉత్తరం అందుకున్నదే తడవుగా జవాబిచ్చారు. ఒకాయన సర్జన్. ఆ సున్నా వల్ల పంతం పట్టి క్లోమాల మీదే పనిచేస్తున్నానని రాశాడు. ఇంకొకావిడ పిల్లల డాక్టరు. "అప్పుడే చెప్పాను కదా సార్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. మూడోది నాలుగు పేజీలుంది. ప్రొఫెసర్‌గారు దాన్ని పట్టుకుని మైనపక్క గదికే వచ్చి, నిలబడే చదివారు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయారు.

"ఏం రాశారు సార్?"

"నాకు ఆ రోజు గ్రంథికీ గోరింటాకుకీ తేడా తెలియదు సార్, పక్కనున్న అమ్మాయి పేపరు చూసి రాశాను, వాదన కూడా ఆమె దగ్గర విన్నదే అని రాశాడు." ఆయన పేజీ తిప్పారు. "ఆ అమ్మాయికీ సున్నానే వచ్చిందట. తరవాత ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. నాలుగో ఉత్తరం ఆవిడకే వెళ్ళింది. అది ఇతను దాచేశాడు. తను ఆవిడ పేపరు చూసి రాసినట్టు ఇంట్లో ఇంకా చెప్పలేదట. ఉత్తరాలు ఆవిడ కంటపడితే గుట్టు బయటపడుతుందని, దయచేసి మళ్ళీ రాయవద్దని బతిమాలుతున్నాడు."

మైనపక్క నీళ్ళగిన్నె వైపు తిరిగి, రేకు సవరిస్తున్నట్టు నటించింది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"ఏం చేద్దామంటారు?" అన్నారు ప్రొఫెసర్‌గారు. ఆవిడని ఆయన ఒక సలహా అడగడం అదే మొదలు.

"ఆవిడ పనిచేసే ఆస్పత్రి చిరునామా ఆఫీసులో ఉండే ఉంటుంది సార్" అంది మైనపక్క.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఆవిడ బల్ల మీది కాగితం ఒకటి లాక్కుని, అక్కడే కూర్చుని రాయడం మొదలుపెట్టారు.